కారు కోసం వెళ్లిపోయిన సీసం

1995 ఏప్రిల్ 1 నుంచి ఢిల్లీ, ముంబై, కలకత్తా, మద్రాసుల్లో కొత్తగా అమ్మే పెట్రోల్ కార్లకు క్యాటలిటిక్ కన్వర్టర్ తప్పనిసరి అయింది. పొగగొట్టం దారిలో బిగించే ఈ పరికరం లోపల ప్లాటినం, పల్లాడియం లాంటి లోహాల పూత ఉంటుంది. ఇంజన్ నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ దాన్ని తాకి కార్బన్ డయాక్సైడ్‌గా మారుతుంది. అయితే సీసం కలిసిన పెట్రోల్ పోస్తే ఆ పూత మీద సీసం పేరుకుని కన్వర్టర్ పాడవుతుంది. అందుకే అదే రోజు నుంచి ఆ నగరాల్లోని కొన్ని బంకుల్లో సీసం లేని పెట్రోల్ అమ్మకం మొదలైంది.

పెట్రోల్‌లో సీసం ఎందుకు కలిపేవారంటే, ఇంజన్‌లో ఇంధనం సమయానికి ముందే భగ్గుమంటే టకటకమని చప్పుడొస్తుంది, శక్తి వృథా అవుతుంది. టెట్రా ఇథైల్ లెడ్ అనే సీసం రసాయనం కొంచెం కలిపితే ఆ బాధ తగ్గుతుందని 1921లో జనరల్ మోటార్స్‌లో పనిచేసే థామస్ మిడ్‌గ్లీ కనిపెట్టాడు. పైగా అది చాలా చవక. ఆ సీసమంతా పొగతో బయటికొచ్చి రోడ్డు పక్క దుమ్ములో చేరేది. అది మూలకం కాబట్టి విరిగిపోదు, ఎండకూ వానకూ కరిగి మాయమవదు. ఆ దుమ్ము పిల్లల ఒంట్లోకి చేరితే మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది. ఈ సంగతి 1970లకే ప్రపంచానికి తెలుసు. అయినా మన దగ్గర గట్టి గడువు తెచ్చింది పిల్లల రక్తం కాదు, కారు విడిభాగం. తలచుకుంటే చేదుగానే ఉంటుంది. కానీ పని జరిగింది. ఢిల్లీ కాలుష్యంపై న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన కేసులో సుప్రీంకోర్టు ఒత్తిడి కూడా తోడైంది.

సీసాన్ని ఒక్కసారిగా ఆపలేదు. లీటరుకు 0.56 గ్రాముల దాకా ఉన్న సీసాన్ని 1994లో నాలుగు మహానగరాల్లో 0.15 గ్రాములకు తగ్గించారు. 1998 సెప్టెంబర్‌లో ఢిల్లీలో సీసం పెట్రోల్‌ను నిషేధించారు. 2000 ఫిబ్రవరికి దేశమంతటా ఆగిపోయింది. సీసం తీసేస్తే పెట్రోల్ ఆక్టేన్, అంటే ఆ టకటక రాకుండా తట్టుకునే గుణం, పడిపోతుంది, దాన్ని వేరే దారిలో పెంచాలి, అందుకు రిఫైనరీల్లో కొత్త యూనిట్లు కట్టాలి. దానికి డబ్బుతో పాటు ఏళ్ల సమయం కావాలి. ఈలోగా ఇంకో తలనొప్పి. నిబంధన నాలుగు నగరాలకే, కారేమో ఊరు దాటి తిరుగుతుంది. దారిలో దొరికిన పెట్రోల్ పోయిస్తే కన్వర్టర్ గోవిందా!

ఆక్టేన్ పెంచడానికి రిఫైనరీల్లో వాడే రిఫార్మింగ్ అనే పద్ధతిలో పెట్రోల్‌లో బెంజీన్ అనే రసాయనం పెరుగుతుంది. అది క్యాన్సర్ కారకం. సీసాన్ని తీసి బెంజీన్‌ను తెచ్చిపెట్టుకోకూడదు కదా! అందుకే దానికీ 2000లో పరిమితి పెట్టారు.

ప్రపంచంలో చివరిగా 2021 జూలైలో అల్జీరియా కార్లకు సీసం పెట్రోల్ అమ్మడం ఆపింది. మన దగ్గర ఇది సాధ్యమవడానికి ఒక కారణం, అప్పట్లో రిఫైనరీలు ఇరవైలోపే ఉండటం, అవి దాదాపు ప్రభుత్వానివే కావడం. వాటికి ఆదేశమిస్తే దేశంలోని ప్రతి బంకూ మారింది. ఇప్పుడు సీసం ఎక్కువగా బ్యాటరీల్లో ఉంటోంది. ఊరి చివర రేకుల షెడ్లలో పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించేవాళ్లకు అలా ఆదేశం పంపడానికి చాలాచోట్ల లైసెన్సూ లేదు, బోర్డూ లేదు.