కదిలే బస్సు కిటికీ, ఎగిరే విమానం

అల్వాల్‌లో మా మేడ ఎక్కితే ఉదయం పూట శిక్షణ విమానాలు కనిపిస్తాయి. హకీంపేట, దుండిగల్ వైమానిక కేంద్రాలు రెండూ దగ్గరే. పోయిన వారం పక్కింటి ఇంటర్ అబ్బాయి ఫోన్‌లో ఒక ఫొటో తెచ్చి చూపించాడు. సైనికులను మోసే పెట్టెలాంటి చైన్ బండి, పైన ఆరు గొట్టాల తుపాకి. "ఇది విమానాలను కొట్టేదంట అంకుల్. విమానాన్ని చూసేలోపే వెళ్లిపోతుంది కదా, ఎట్లా కొడుతుంది?" అని అడిగాడు. చాలా మంచి ప్రశ్న. ఆ రోజు సగం జవాబే చెప్పగలిగాను. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను.

ఆ బండి పేరు ఎం163. దాని కింది భాగం అమెరికాలో 1960లో సైన్యంలోకి వచ్చిన ఎం113. పదకొండు మంది సైనికులను వెనకాల కూర్చోబెట్టుకుని వెళ్లే అల్యూమినియం కవచ వాహనం. దాన్నే ఎందుకు ఎంచుకున్నారంటే పెద్ద రహస్యమేమీ లేదు. లోపల ఖాళీ ఉంది, పైన చదునుగా ఉంది, వేలల్లో తయారవుతోంది, మెకానిక్కులకు అలవాటైన బండి. అసలు అమెరికన్లకు కావలసింది మౌలర్ అనే క్షిపణి. అది కుదరక 1965లో దాన్ని వదిలేశారు. ఆ ఖాళీని నింపడానికి ఒక క్షిపణి బండిని, ఒక తుపాకి బండిని జంటగా నడిపించారు. తుపాకి బండి ఇదే.

తుపాకి కథ ఇంకా బాగుంటుంది. వల్కన్ అనే ఆ 20 మి.మీ. తుపాకిని మొదట యుద్ధ విమానాల కోసమే తయారుచేశారు. విమానంలో ఉండాల్సినది నేల మీదికి దిగి, విమానాలనే కొట్టడానికి నిలబడింది. ఆరు గొట్టాలు గుండ్రంగా తిరుగుతూ ఒకదాని తర్వాత ఒకటి కాలుస్తాయి. మొత్తం నిమిషానికి 3,000 గుళ్లు, అంటే సెకనుకు 50. ఒక్కో గొట్టం వాటాకు సెకనుకు ఎనిమిదే కాబట్టి కాస్త చల్లబడే వీలుంటుంది.

ఇప్పుడు అసలు విషయం. సంక్రాంతి ముందు ఇమ్లీబన్ బస్టాండ్‌కు వెళ్లినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. బస్సు ప్లాట్‌ఫాం మీదికి వస్తుండగానే కిటికీలోంచి సీటు మీద కర్చీఫ్ వేయాలి. కిటికీ ఎక్కడుందో అక్కడికి గురిపెట్టి విసిరితే అది వెనక కిటికీకో, బస్సు రేకుకో తగులుతుంది. కర్చీఫ్ గాలిలో ఉన్నంతసేపూ బస్సు నడుస్తూనే ఉంది కదా. కర్చీఫ్ చేరేసరికి కిటికీ ఎక్కడుంటుందో అక్కడికి విసరాలి. ఎంత ముందుకు? దానికి రెండు సంగతులు తెలిస్తే చాలు: బస్సును చూస్తూ మీ మెడ ఎంత వేగంగా తిరుగుతోంది, కర్చీఫ్ చేరడానికి ఎంతసేపు పడుతుంది. ఈ రెండింటినీ గుణిస్తే వచ్చేదే ముందుకోణం.

విమానానికి అదే లెక్క వేద్దాం. కిలోమీటరు దూరంలో, సెకనుకు 200 మీటర్ల వేగంతో అడ్డంగా పోతోందనుకోండి. మన చూపు సెకనుకు పదకొండున్నర డిగ్రీలు తిరగాలి. వల్కన్ గుండు గొట్టం వదిలేటప్పుడు వేగం సెకనుకు సుమారు 1,030 మీటర్లు. దారిలో గాలి దాన్ని మందగింపజేస్తుంది. సగటున 800 అనుకుంటే చేరడానికి 1.25 సెకన్లు. గుణిస్తే 14 డిగ్రీలకు కాస్త పైన. అంటే విమానం ముక్కుకు 250 మీటర్ల ముందున్న ఖాళీ ఆకాశంలోకి కాల్చాలి. ఆ 250 మీటర్లలో 15 మీటర్ల విమానాలు పదహారు వరసగా పడతాయి.

బస్సు మీకు అడ్డంగా కాక నేరుగా మీ వైపే వస్తుంటే? మెడ తిరగదు, ముందుకోణం సున్నా. నేరుగా తుపాకి మీదికే దిగే విమానం విషయం కూడా అంతే, సూటిగా కాల్చవచ్చు. బస్సు దూరంగా ఉంటే? రెట్టింపు దూరానికి రెట్టింపు సమయం సరిపోదు. ముడి వేయని కర్చీఫ్ గాలికి ఎలా ఆగిపోతుందో గుండు కూడా అలా వేగం కోల్పోతుంది. డ్రైవర్ హఠాత్తుగా బ్రేక్ వేస్తే? కర్చీఫ్ కిటికీ ముందు పడుతుంది. ఈ పద్ధతికి ఉన్న అసలు బలహీనత అదే. గుండు గాలిలో ఉన్న ఆ సెకను పాటూ విమానం దారి మార్చదని నమ్మి కాలుస్తున్నాం. పైలట్లు కావాలనే వంకరటింకరగా పోతారు.

ఈ గుణకారం ఎవరు చేస్తారు? గురి చూసే యంత్రంలో ఒక గైరో ఉంటుంది, అంటే వేగంగా తిరిగే ఒక బొంగరం. వేగంగా తిరిగే బొంగరాన్ని పక్కకు వంచబోతే అది ఎదురుతిరుగుతుంది. ఎంత త్వరగా వంచబోతే అంత గట్టిగా ఎదురుతిరుగుతుంది. ఆ ఎదురుదెబ్బ నుంచే చూపు తిరిగే వేగం తెలుస్తుంది. దూరం సంగతి టరెట్ (తుపాకిని మోస్తూ తిరిగే పై భాగం) కుడి పక్కనున్న చిన్న రాడార్ చూసుకుంటుంది. అది దూరాన్ని, ఆ దూరం మారే వేగాన్ని మాత్రమే కొలుస్తుంది. విమానాన్ని వెతకడం దానికి చేతకాదు. గన్నర్ కళ్లతో చూసి, గురి వలయాన్ని విమానం మీద నిలిపి ఉంచాలి. లెక్క ప్రకారం ఆ వలయం గొట్టాల దిశ కంటే వెనక్కి జరుగుతుంది. అందుకే వలయంలో విమానం కనిపిస్తుంటే గొట్టాలు మాత్రం దానికి ముందున్న శూన్యంలోకి చూస్తుంటాయి. చేయి కుదుపితే గైరో ఆ కుదుపునే విమానం వేగం అనుకుంటుంది. రాత్రి, మబ్బు ఉన్నప్పుడు ఈ బండి దాదాపు గుడ్డిదే. మన సైన్యంలోనూ ఉన్న షిల్కా అనే రష్యా విమాన విధ్వంసక తుపాకి బండి అలా కాదు. దాని రాడార్ విమానాన్ని వెతికి పట్టుకుని వెంబడిస్తుంది కూడా.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. గురి బాగా కుదిరినవాణ్ణి చూసి "వాడి చేతి మహిమ", "దేవుడిచ్చిన కన్ను" అంటారు. అది మహిమ కాదు. నెమ్మదిగా, కుదుపు లేకుండా తిప్పడం నేర్చుకున్న చేయి. ఇంటర్‌లో అవకలనం చెప్పేటప్పుడు, కోణం మారే రేటు అంటే మెడ తిరిగే వేగమేనని ఒక్కసారి చెబితే పిల్లలు ఆ సూత్రాన్ని బట్టీ పట్టనక్కర్లేదు. బస్టాండ్‌లో వాళ్లు ఎప్పుడో చేసిన లెక్కే అది.

సెకనుకు 50 గుళ్లు ఎందుకో కూడా దీంతోనే తేలిపోతుంది. 15 మీటర్ల విమానం సెకనుకు 200 మీటర్ల వేగంతో ఒక బిందువును దాటడానికి 0.075 సెకను పడుతుంది. ఆ సమయంలో అటుగా వెళ్లే గుళ్లు నాలుగుకు కూడా తక్కువ. నేల మీది లక్ష్యాల కోసం వాడే నిమిషానికి 1,000 వేగంలో అయితే ఒకటి, అంతే. పైగా గుండు ఒక్కోటి సుమారు 100 గ్రాములు. సెకనుకు ఐదు కిలోల లోహాన్ని ఆ వేగంతో విసిరితే బండి మీద పడే వెనక్కి తోపు, గుళ్ల వల్లనే అర టన్ను దాటుతుంది. స్ప్రింగుల మీద ఊగే బండి అప్పుడు ఊగితే గురి మొత్తం చెదురుతుంది. అందుకే మామూలు ఎం113లో లేని ఏర్పాటు ఒకటి ఇందులో పెట్టారు. కాల్చేటప్పుడు సస్పెన్షన్‌ను బిగించేస్తుంది. సైనికులను మోసే బండిని తుపాకి బండిగా మార్చడంలో నాకు అన్నిటికన్నా నచ్చిన మార్పు ఇదే.

మన దగ్గర యెద్దుమైలారం ఫ్యాక్టరీలో తయారైన సారథ్ కూడా సైనికులను మోసే బండే. దాని 30 మి.మీ. తుపాకి 74 డిగ్రీల దాకా పైకి లేస్తుంది, హెలికాప్టర్ల మీద కాల్చడానికి పనికొస్తుంది. దాన్ని పూర్తి విమాన విధ్వంసక బండి అనలేం గానీ, ఆలోచన దగ్గరదే.

నిన్న ఆ అబ్బాయితో మళ్లీ మేడెక్కాను. ముందు మోత వినిపించింది. వాడు మోత వచ్చిన వైపు చూశాడు, అక్కడ విమానం లేదు. చాలా ముందుకెళ్లిపోయింది. శబ్దం కిలోమీటరు రావడానికి దాదాపు మూడు సెకన్లు పడుతుంది కదా. చాచిన చేతి పిడికిలి వెడల్పు సుమారు పది డిగ్రీలు. విమానం ఒక పిడికిలి దాటడానికి ఎంతసేపు పడుతుందో ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి చూశాడు. రెండు సెకన్లకు కాస్త తక్కువ. "అంటే సెకనుకు ఐదారు డిగ్రీలు. ఇక గుండుకు ఎంతసేపు పడుతుంది అంకుల్?" అన్నాడు. అది చెప్పాలంటే విమానం ఎంత దూరంలో ఉందో తెలియాలి. ఇద్దరం దాన్నే చూస్తూ నిలబడ్డాం. వాడు కిలోమీటరు అన్నాడు, నేను రెండు అన్నాను.