నాటకం నుంచి ఫ్యామిలీ డ్రామా సినిమా: అపోహలు - వాస్తవాలు

స్టేజి నాటకాల్ని స్క్రీన్‌ప్లేగా మార్చడం నా పని, అందులోనూ ఇంటి లోపల కుళ్ళిపోయిన బంధాల కథలంటే నాకు ప్రాణం, అందుకే ఈ అపోహలు విన్నప్పుడల్లా ఊరుకోలేను.

అపోహ: కథంతా ఒకే ఇంట్లో నడిస్తే సినిమాలా ఉండదు, బయటికి తీసుకెళ్లాలి.

వాస్తవం: అసలు దెబ్బ తినేది ఇక్కడే. తండ్రీ కొడుకూ చెయ్యెత్తేదాకా వచ్చారంటే ఆ ఇంట్లోంచి పోవడానికి ఇద్దరికీ వేరే చోటు లేకే కదా, మధ్యలో కొడుకుని బైకెక్కించి ఊరంతా తిప్పితే ఆ బిగువు మొత్తం పోతుంది. ‘ఎ స్ట్రీట్‌కార్ నేమ్డ్ డిజైర్’ (1951) కోసం డైరెక్టర్ ఎలియా కజాన్ ముందు బయటి సీన్లు కలిపి స్క్రిప్ట్ రాయించాడు, చదివాక నచ్చక మళ్ళీ నాటకం దగ్గరికే వచ్చేశాడు. పైగా కథ ముందుకెళ్లేకొద్దీ సెట్ గోడల్ని దగ్గరికి జరిపించాడు, కథానాయిక బ్లాంచ్‌కి ఊపిరాడనట్టు మనకీ ఆడదు. ‘ది ఫాదర్’ (2020) కూడా చాలావరకు ఫ్లాట్‌లోనే, ముసలి తండ్రికి మతిమరుపు ముదిరేకొద్దీ సామానూ గోడల రంగులూ మనకి తెలీకుండానే మారిపోతుంటాయి. నాటక రచయిత ఫ్లోరియన్ జెల్లరే డైరెక్టర్.

అపోహ: పెద్ద డైలాగులన్నీ కోసేయాలి.

వాస్తవం: కోయాలి, కానీ ఏవి? చివరి వరుసలో కూర్చున్నవాళ్ళకి అర్థమవ్వాలని రాసిన మాటలు క్లోజప్‌లో అక్కర్లేదు, కళ్ళు చెప్పేస్తాయి. ఏళ్ళ తరబడి దాచుకున్నది ఒక్కసారి బయటపడే మాటలు మాత్రం ఎంత పొడుగున్నా ఉంచాల్సిందే. స్టేజి మీద ఎవర్ని చూడాలో ప్రేక్షకుడి ఇష్టం, సినిమాలో అది మన చేతిలో ఉంది, అందుకే మాట్లాడేవాళ్ళని వదిలేసి వింటున్న మనిషి మొహం మీద షాట్ ఉంచితే అదే డైలాగ్ ఇంకోలా తగుల్తుంది. నేను స్క్రిప్ట్‌లో ముందు వెతికేది ఆ వినే మనిషినే.

అపోహ: స్టేజి నటులు కెమెరా ముందు ఓవర్ చేస్తారు.

వాస్తవం: డెంజెల్ వాషింగ్టన్, వయోలా డేవిస్ 2010లో న్యూయార్క్ నాటకరంగం బ్రాడ్‌వే మీద ‘ఫెన్సెస్’ నాటకం ఆడి ఇద్దరూ టోనీ అవార్డులు (అక్కడి నాటకాలకిచ్చేవి) తీసుకున్నారు, 2016లో అదే కథ సినిమాగా చేస్తే డేవిస్‌కి ఆస్కార్ వచ్చింది. పాత్రని రోజూ ఆడినవాళ్ళకి ఎక్కడ తగ్గాలో బాగా తెలుసు.

అపోహ: సీన్ ‘రా’గా, అంటే పచ్చిగా ఉండాలంటే అరుపులు ఉండాలి.

వాస్తవం: హాలంతా వినిపించాలి కాబట్టి స్టేజి మీద గొంతు పెంచక తప్పదు. సినిమాలో మైకు పక్కనే ఉంది, తల్లి కూతురితో అనకూడని మాటని అన్నం వడ్డిస్తూ మామూలు గొంతుతో అనెయ్యొచ్చు.