ఆదివారం పనికి వెళ్తే శాపం తగులుతుందా? విశ్రాంతి దినం గురించి అపోహలు, వాస్తవాలు

పల్నాడులో మిర్చి కోతలు మొదలయ్యాయంటే మా సంఘంలో ఒక ప్రశ్న తప్పకుండా వినిపిస్తుంది. ఆదివారం కూడా ముఠాతో కోతకు రమ్మని మేస్త్రి పిలిస్తే వెళ్లవచ్చా, వెళితే దేవుని కోపం మీదికి వస్తుందా అని అడుగుతారు, అడిగేవారిలో ఎక్కువమంది ఆడవాళ్లే. వాట్సాప్‌లో తిరిగే సందేశాలు ఈ భయాన్ని మరింత పెంచాయి. ఆదివారం సంపాదించిన డబ్బు ఇంట్లో నిలవదని, అది చివరికి ఆసుపత్రి పాలవుతుందని, ఆ రోజు పనిచేసిన ఫలానా కుటుంబంలో ఫలానా కీడు జరిగిందని చెప్పే ఆ సందేశాలకు ఊరూ ఉండదు, పేరూ ఉండదు, వాక్యాధారం అంతకంటే ఉండదు. పాస్టరుగా ఇంటింటికీ తిరిగి ప్రార్థన చేసేటప్పుడు వాటివల్ల జరిగే నష్టాన్ని దగ్గరనుంచి చూస్తున్నాను కనుక ఈ సంగతిని వివరంగా రాస్తున్నాను.

అపోహ: ఆదివారం పనిచేసిన విశ్వాసి మీద శాపం ఉంటుంది.

ఈ మాట చెప్పేవారు సాధారణంగా సంఖ్యాకాండము 15వ అధ్యాయం తీసి చూపిస్తారు. విశ్రాంతి దినాన కట్టెలు ఏరిన మనిషిని అరణ్యంలో సమాజమంతా రాళ్లతో కొట్టి చంపిన సంగతి అక్కడ ఉన్నమాట నిజమే. అయితే ఆ శిక్ష సీనాయి కొండ దగ్గర దేవుడు ఇశ్రాయేలుతో చేసిన నిబంధన కింద ఆ జనాంగానికి విధించినది. విశ్రాంతి దినం తనకూ ఇశ్రాయేలీయులకూ మధ్య గురుతుగా ఉంటుందని దేవుడే నిర్గమకాండము 31వ అధ్యాయంలో చెప్పాడు. పైగా ఆ దినం వారంలో ఏడవది, అంటే శనివారం. ఇశ్రాయేలీయులకు శనివారం విషయంలో విధించిన శిక్షను ఆదివారానికి మార్చి, దానిని పల్నాడు కూలీల నెత్తిన పెట్టే అధికారం ఏ బోధకునికీ లేదు.

అన్యజనులలోనుంచి విశ్వసించినవారి మీద ఏ భారం మోపాలో తేల్చడానికి అపొస్తలులూ పెద్దలూ యెరూషలేములో కూడుకున్నప్పుడు వారు రాసి పంపిన ఉత్తరం అపొస్తలుల కార్యములు 15వ అధ్యాయంలో ఉంది. అందులో విశ్రాంతి దినం ప్రస్తావనే లేదు. పండుగ, అమావాస్య, విశ్రాంతి దినం అనే వాటి విషయంలో మీకు తీర్పు తీర్చే అవకాశం ఎవరికీ ఇవ్వవద్దని పౌలు కొలొస్సయులకు రాశాడు. ఒకడు ఒక దినాన్ని మరొక దినం కంటే మంచిదని ఎంచుతాడు, ఇంకొకడు అన్నీ సమానమే అనుకుంటాడు, ఎవరి మనసులో వారు స్థిరపడాలి అని రోమా సంఘానికి చెప్పాడు. ఈ వచనాలను వదిలిపెట్టి కట్టెలు ఏరినవాని కథ ఒక్కటే వినిపించడం సగం బోధ, సగం బెదిరింపు.

ఆదిమ సంఘం ఎలా నడిచిందో చూసినా ఇదే తేలుతుంది. మొదటి మూడు శతాబ్దాలపాటు రోమా సామ్రాజ్యంలో ఆదివారం సెలవు దినం కాదు. విశ్వాసులలో బానిసలున్నారు, చేతివృత్తులవారున్నారు, ఆ రోజు యజమాని పని చెప్తే చేయక తప్పనివారున్నారు. క్రీ.శ. 112 ప్రాంతంలో బితునియ అనే రోమా రాష్ట్రానికి అధిపతిగా ఉన్న ప్లినీ, క్రైస్తవులు ఒక నిర్ణీత దినాన తెల్లవారకముందే కూడుకుని క్రీస్తును కీర్తిస్తారని ట్రాజన్ చక్రవర్తికి రాసిన ఉత్తరం నేటికీ ఉంది. తెల్లవారితే పని ఉన్నవారికి చీకటితోనే లేవడం తప్ప వేరే దారి లేదు. ఆ విశ్వాసుల మీద శాపం ఉందని ఎవరూ అనలేదు, మనం వారి సాక్ష్యాన్ని గౌరవంగానే చదువుకుంటున్నాం.

ఈ అపోహ ఎంత నష్టం చేస్తుందో చెప్పడానికి ఒక ఇంటి సంగతి చాలు. కోతల కాలంలో ఒక తల్లి తన కొడుకుకు రోజుల తరబడి జ్వరం తగ్గడం లేదని ప్రార్థనకు పిలిచింది. నేను వెళ్లేసరికి ఆమె గడపలో కూర్చుని మిరపకాయల మంటకు వేళ్లకు కొబ్బరినూనె రాసుకుంటోంది. పిల్లవాడు లోపల మంచం మీద వాడిపోయి ఉన్నాడు. "అయ్యగారూ, రెండాదివారాలు కోతకు పోయానండీ, అందుకే వీడికి ఇట్లా అయింది" అని ఏడ్చింది. ఆ మాట ఆమెకు చెప్పింది వేరే ఊరినుంచి వచ్చిపోయే ఒక ప్రార్థనాపరుడు. ఆదివారాల కూలి డబ్బంతా కానుకగా ఇచ్చేస్తే జ్వరం దిగుతుందని చెప్పి ఆ డబ్బు తీసుకుని వెళ్లాడు. ఆసుపత్రికి వెళ్లడానికి ఆమె చేతిలో ఏమీ మిగలలేదు. "అమ్మా, నువ్వు పనికి వెళ్లింది వీడి కడుపు నింపడానికి, దానికి దేవుడు వీడిని శిక్షించడు, లే, ముందు డాక్టరు దగ్గరికి వెళ్దాం" అని ఆటో పిలిపించాను. రక్తపరీక్షలో టైఫాయిడ్ అని తేలింది, మందులు వాడితే పిల్లవాడు కోలుకున్నాడు. ఆమె మనసులోని భయం పోవడానికి మాత్రం అంతకంటే చాలా ఎక్కువ కాలం పట్టింది. భయపడేవారిని నేను తప్పుపట్టను, ఎందుకంటే వారికి ఆ భయాన్ని నేర్పింది మనలాంటివారే. ఆ భయాన్ని డబ్బుగా మార్చుకునేవారి విషయంలో మాత్రం నాకు సహనం లేదు.

శాపం లేదన్నాం కనుక విశ్రాంతి అక్కరలేదని ఎవరూ అనుకోకూడదు. విశ్రాంతి ఆజ్ఞ మొదట ఎవరితో మాట్లాడుతోందో చూస్తే ఈ గందరగోళం చాలావరకు తొలగిపోతుంది. ద్వితీయోపదేశకాండము 5వ అధ్యాయంలో ఆ ఆజ్ఞ కుమారుడు, కుమార్తె, దాసుడు, దాసి, ఎద్దు, గాడిద, ఇంట ఉన్న పరదేశి అని వరుసగా చెప్పి, నీలాగే నీ దాసుడూ నీ దాసీ విశ్రమించాలని ముగిస్తుంది. ఆ వెంటనే, నీవు ఐగుప్తులో దాసుడవై ఉన్న సంగతి జ్ఞాపకం చేసుకోమని కారణం చెప్తుంది. అంటే ఆ మాట ప్రధానంగా పొలం ఉన్నవానికి, పశువులు ఉన్నవానికి, పనివారిని పెట్టుకున్నవానికి చెప్పినది. మన ప్రసంగాల్లో మాత్రం అది తలకిందులైంది. ఆదివారం కోతకు వెళ్లిన కూలీని నిలదీస్తాం, ఆ కోత పెట్టించి తాను మాత్రం ముందు వరుసలో కూర్చుని ఆరాధించే రైతును ఏమీ అడగం. హైదరాబాదులోనో విజయవాడలోనో ఆదివారం ఉదయం పనిమనిషి వచ్చి గిన్నెలు తోమిన తరువాతే మందిరానికి బయలుదేరే విశ్వాసుల ఇళ్లు ఎన్నో ఉన్నాయి. విశ్రాంతి దినం ఎప్పుడు అయిపోతుందా, ధాన్యం ఎప్పుడు అమ్ముకుందామా అని ఎదురుచూసే వర్తకులను ఆమోసు ప్రవక్త గద్దించాడు. ఆ గద్దింపు వినవలసింది కూలీ కాదు.

ఒకసారి ఈ వాక్యం మీద ప్రసంగించిన తరువాత, మిర్చి వేసే మా సంఘ పెద్ద ఒకరు నా దగ్గరికి వచ్చి నిజాయితీగా ఒక ఇబ్బంది చెప్పారు. ఆదివారం కోత ఆపితే ముఠా వేరే చేనుకు వెళ్లిపోతుంది, లేదా ఇంటిదగ్గర ఉండి కూలి పోగొట్టుకుంటుంది, అప్పుడు నేను ఇచ్చిన విశ్రాంతి వారికి పస్తే కదా అన్నారు. ఆ ప్రశ్న సరైనది. అరణ్యంలో దేవుడు ఏడవ రోజున మన్నా ఏరవద్దని చెప్పకముందే ఆరవ రోజున రెండింతల మన్నా ఇచ్చాడు, తిండి లేకుండా విశ్రమించమనలేదు. ఆ సంఘ పెద్ద మేస్త్రితో మాట్లాడి మిగిలిన ఆరు రోజుల రేటు కొంత పెంచారు, ఆదివారం కోత ఆపారు. కల్లంలో ఎండుతున్న కాయల మీద మబ్బు కమ్మితే పట్టలు కప్పడానికి మాత్రం ఆదివారమైనా అందరూ పరుగెత్తుతారు. గుంటలో పడిన ఎద్దును విశ్రాంతి దినాన పైకి తీయరా అని ప్రభువు అడిగిన ప్రశ్నకు అది జవాబే. పాలు పితకడం, పశువులకు కుడితి పెట్టడం, రోగికి సేవచేయడం గురించి వేరే చెప్పనక్కరలేదు.

ఏ రైతూ ఇలా ఒప్పుకోని ఊళ్లలో సంఘమే దారి చూపాలి. కోతలున్న నెలల్లో మేము తెల్లవారుజామున, ముఠా ఆటోలు కదలకముందే ఒక ఆరాధన పెడుతున్నాం. తలకు గుడ్డ చుట్టుకుని, అన్నం క్యారియరు పక్కన పెట్టుకుని కూర్చున్నవారికి ఒక పాట, ఒక వాక్యభాగం, ప్రార్థన, నెలలో ఒక ఆదివారం ప్రభు సంస్కారం ఉంటాయి. వారి విశ్రాంతి ముఠా ఖాళీగా ఉన్న రోజున తీసుకోమని చెప్తాను. ఆస్పత్రిలో నర్సుగా పనిచేసే మా సంఘ బిడ్డకు వీక్లీ ఆఫ్ ఒక్కోవారం ఒక్కోరోజు వస్తుంది, ఆమెకు ఆ రోజే విశ్రాంతి దినం. కడప, గోదావరి జిల్లాలనుంచి కువైట్ వెళ్లిన మన అక్కచెల్లెళ్లకు అక్కడ సెలవు శుక్రవారం కనుక తెలుగు ఆరాధనలు శుక్రవారం జరుగుతాయి. ఆ దేశంలో 2015లో వచ్చిన చట్టం ఇంటి పనివారికి వారానికి ఒక రోజు సెలవును హక్కుగా ఇచ్చింది, అది అందనివారు మాత్రం ఇంకా ఉన్నారు. అలాంటివారు ఫోనులో ఏడుస్తూ "నాకు ఆదివారమే లేదు అయ్యగారూ" అంటే, పని ముగిసిన తరువాత దొరికిన ఆ గంటనే ప్రభువుకు అప్పగించమని, అది చిన్నదని దేవుడు తోసిపుచ్చడని చెప్తాను.

అపోహ: కాన్‌స్టంటైన్ చక్రవర్తి ఆరాధన దినాన్ని శనివారంనుంచి ఆదివారానికి మార్చాడు.

ఆయన క్రీ.శ. 321 మార్చి 7న చేసిన చట్టం ఆదివారాన్ని సెలవుగా ప్రకటించింది, ఆరాధన దినాన్ని మార్చలేదు. దానికి సుమారు 165 ఏళ్ల ముందే, పట్టణాల్లోనూ పల్లెల్లోనూ ఉన్న విశ్వాసులు ఆదివారం ఒకచోట చేరి లేఖనాలు చదువుకుని, రొట్టె విరిచేవారని హతసాక్షి జస్టిన్ రాశాడు. వారపు మొదటి రోజున రొట్టె విరవడానికి విశ్వాసులు కూడుకున్నారని చెప్పే అపొస్తలుల కార్యములు 20:7 అంతకంటే పాతది. కాన్‌స్టంటైన్ చట్టంలో న్యాయాధిపతులకూ పట్టణవాసులకూ చేతివృత్తులవారికీ సెలవు ఇచ్చి, విత్తనం వేసే అదను తప్పిపోతుందని రైతులకు మినహాయింపు ఇవ్వడం గమనించదగినది. ఇక మన దేశంలో ఆదివారం సెలవు మిషనరీలు పెట్టిపోయినదని అనుకోవడం కూడా పూర్తిగా నిజం కాదు. బొంబాయి మిల్లు కార్మికులకు 1890 జూన్ 10న ఆదివారం సెలవు దక్కింది నారాయణ్ మేఘాజీ లోఖండే నడిపిన పోరాటం వల్ల, ఆయన ఫూలే స్థాపించిన సత్యశోధక సమాజానికి చెందినవాడు.

శనివారం ఆచరించే అడ్వెంటిస్టు సహోదరులతో ఈ విషయమై నాకు పేచీ లేదు. శుక్రవారం సూర్యాస్తమయానికల్లా వంట, బట్టలు, ఇంటిపని ముగించుకుని సిద్ధపడే వారి క్రమాన్ని మనం నేర్చుకోవచ్చు. వారు శనివారం ఆచరించడం వల్ల రక్షణ పోగొట్టుకోరు, మనం ఆదివారం కూడుకోవడం వల్ల ప్రకటన గ్రంథంలో చెప్పిన మృగపు ముద్ర వేయించుకోము.

అపోహ: ఆదివారమంతా మందిరంలో ఉంటే విశ్రాంతి ఆచరించినట్టే.

ఇది సంఘ నాయకులకు నచ్చే అపోహ. ఉదయం సండేస్కూలు, తరువాత ఆరాధన, మధ్యాహ్నం స్త్రీల కూడిక, సాయంత్రం యౌవనస్థుల కూడిక, రాత్రి ఎవరింట్లోనో ప్రార్థన ఉంటే ఆ రోజు విశ్రాంతికి చోటు ఎక్కడుంది? ఒంటిగంటకు ఇంటికి చేరిన ఇల్లాలు అప్పుడు కోడి కూర, బిర్యానీ మొదలుపెడుతుంది, బంధువులు వస్తారు, మూడున్నరకు మళ్లీ కూడికకు పరుగు. ఆదివారం పొయ్యి వెలిగించకూడదని ఎక్కడో విని ఆ భారం కూడా ఆమె మీదే వేసేవారున్నారు. పొయ్యి వెలిగించవచ్చు, కానీ ఎప్పుడూ ఆమే వెలిగించనక్కరలేదు. శనివారం సాయంత్రమే బట్టలు ఇస్త్రీ చేసుకుని, సరుకులు తెచ్చుకుని, రాత్రికే పులిహోర కలిపి పెట్టుకుంటే మరునాడు పప్పుచారుతో గడిచిపోతుంది, అది కాచే పని మగవాళ్లు నేర్చుకోవచ్చు. శనివారం సూర్యాస్తమయంనుంచి ఆదివారం సూర్యాస్తమయంవరకు విశ్రాంతిగా లెక్కపెట్టుకుంటే కుటుంబ ప్రార్థనతో ఆ సమయం నెమ్మదిగా మొదలవుతుంది, ఆదివారం సాయంత్రం సోమవారపు పనులకు చోటు దొరుకుతుంది. మధ్యాహ్నం నిద్రపోవడం పాపం కాదు. మేము స్త్రీల కూడికను గురువారానికి మార్చాక ఆదివారం మధ్యాహ్నాలు ఇళ్లలో పిల్లలతో కూర్చుంటున్నామని చాలామంది చెప్పారు. పాస్టర్లకు ఆదివారం పనిదినమే కనుక వారు సోమవారాన్ని విశ్రాంతికి కేటాయించుకోవాలి, ఆ రోజు అత్యవసరమైతే తప్ప వారికి ఫోను చేయకుండా ఉండడం సంఘ బాధ్యత.

అపోహ: ఆదివారం పరీక్ష రాస్తే దేవుడు ఉత్తీర్ణత ఇవ్వడు.

నీట్ పరీక్ష ఆదివారమే పెడుతున్నారు, ఉద్యోగ పరీక్షలు కూడా ఎక్కువగా ఆ రోజే వస్తున్నాయి. తేదీ నిర్ణయించేది విద్యార్థి కాదు. రెండేళ్లు చదివిన బిడ్డను పరీక్ష ముందురోజు రాత్రి ఈ అనుమానంతో నిద్రలేకుండా చేయవద్దని తల్లిదండ్రులను వేడుకుంటున్నాను. శనివారం సాయంత్రం బిడ్డను మందిరానికి తీసుకురండి, కలిసి ప్రార్థన చేద్దాం. ఆదివారం హాల్‌టికెట్టు, మంచినీళ్ల సీసా సరిచూసి వేళకు పంపించండి, సోమవారం పొద్దెక్కేవరకు నిద్రపోనివ్వండి.