నాలుగు, వంద, నాలుగు వందలు: ఏ షరతు ముందు?

పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషను నేర్చుకోవడం మొదలుపెట్టినవారిలో చాలామందికి వచ్చే సందేహం ఒకటి ఉంది. ప్రతి షరతుకూ విడిగా ఒక ఇఫ్ (if, ‘ఇలా అయితే’) రాసినా ప్రోగ్రాం నడుస్తూనే ఉంది కదా, అలాంటప్పుడు ఎలిఫ్ (elif, ‘పైది కాకపోయి, ఇలా అయితే’) అవసరం ఏమిటి? మార్కులను బట్టి గ్రేడు ఇచ్చే ఉదాహరణ దాదాపు ప్రతి పాఠంలోనూ కనిపిస్తుంది కనుక దానిని పక్కన పెడతాను. ఈ సందేహాన్ని అంతకంటే లోతుగా తీర్చగలిగినది లీపు సంవత్సరం లెక్క.

బడిలో చాలామంది నేర్చుకునేది ఆ సూత్రంలో సగమే. 4కు గుణిజమైన ప్రతి సంవత్సరమూ లీపు సంవత్సరమే అన్నంతటితో పాఠం ముగుస్తుంది. 1582లో పదమూడవ గ్రెగరీ పోప్ అమలులోకి తెచ్చిన క్యాలెండరులో మరో రెండు మాటలు ఉన్నాయి: 100కు గుణిజమైతే లీపు కాదు, 400కు కూడా గుణిజమైతే మళ్ళీ లీపే. ఆ ప్రకారం 1900 మామూలు సంవత్సరం, 2000 లీపు సంవత్సరం, 2100 మళ్ళీ మామూలు సంవత్సరం. 1901 నుంచి 2099 వరకు సగం సూత్రం ఒక్కసారి కూడా తప్పదు కాబట్టి, ఆ లోపం మన నిత్యజీవితంలో ఎక్కడా బయటపడదు. విద్యార్థి తన పుట్టిన సంవత్సరాన్నీ ఈ సంవత్సరాన్నీ ఇచ్చి ప్రోగ్రాంను పరీక్షిస్తే అంతా సరిగ్గానే ఉన్నట్టు కనిపించడానికి కారణం కూడా ఇదే. అందుకే ఈ అభ్యాసం ఇచ్చే ఉపాధ్యాయులు 1900తోనూ 2100తోనూ తప్పనిసరిగా పరీక్షింపజేయాలని నా గట్టి అభిప్రాయం.

ఇఫ్, ఎలిఫ్, చివర ఎల్స్ (else, ‘పైవేవీ కాకపోతే’) అని సాగే గొలుసును పైథాన్ పై నుంచి కిందికి చూసుకుంటూ వస్తుంది. మొట్టమొదట నిజమని తేలిన షరతు కింద ఉన్న పనిని చేసి, మిగిలిన గొలుసు వైపు చూడకుండానే దానిని దాటిపోతుంది. కొత్తగా నేర్చుకునేవారు సూత్రాన్ని విన్న వరుసలోనే, అంటే ముందు 4, తరువాత 100, చివర 400 అని రాసేస్తారు. దానికి 1900 ఇచ్చి చూడండి. 1900 నాలుగుకు గుణిజమే కాబట్టి మొదటి షరతు దగ్గరే ‘లీపు’ అని తేలిపోతుంది. 100 గుణిజాలన్నీ 4 గుణిజాలే కనుక, కింద ఉన్న రెండు షరతులను నిజం చేయగల సంవత్సరమేదీ అసలు అక్కడి దాకా చేరదు. ఒకదాని కింద ఒకటి అమర్చిన జల్లెడలలో సన్న కన్నుల జల్లెడను అన్నిటికంటే పైన పెడితే రాళ్ళు, గింజలు, నూకలు అన్నీ అక్కడే ఆగిపోయినట్టే ఇదీను. పెద్ద కన్నుల జల్లెడ పైన ఉండాలి, అంటే 400 షరతు ముందు రావాలి, దాని కింద 100, ఆ కింద 4.

ఇలా అమర్చిన తరువాత రెండవ షరతును శ్రద్ధగా చదవండి. ‘100కు గుణిజమైతే’ అని మాత్రమే రాసి ఉన్నా, దాని అసలు అర్థం ‘400కు గుణిజం కాకుండా, 100కు గుణిజమైతే’ అని. మూడవదాని అర్థం ‘పై రెండింటికీ గుణిజం కాకుండా, 4కు గుణిజమైతే’ అని. పైనున్న ప్రతి షరతూ విఫలమైందన్న సమాచారాన్ని ఎలిఫ్ మాట్లాడకుండా తనతో మోసుకొస్తుంది. గొలుసుకు బలమంతా అక్కడే ఉంది.

ఇక మొదటి సందేహానికి వస్తే, విడివిడి ఇఫ్‌లతో కూడా ఈ లెక్క సరిగ్గా చేయవచ్చు, కానీ వరుస తలకిందులవుతుంది. ప్రతి ఇఫ్ జవాబును ఒకే చలరాశిలో, అంటే విలువను దాచుకునే ఒకే పేరులో, మార్చి రాస్తూ పోతే, చివరిగా నిజమైన షరతు మాటే నిలుస్తుంది. అందువల్ల అక్కడ 4, 100, 400 అన్న వరుసే సరైనది. గొలుసులో మొదట నిజమైనది గెలుస్తుంది, విడి ఇఫ్‌లలో చివర నిజమైనది గెలుస్తుంది. చలరాశిలో దాచకుండా ప్రతిచోటా ప్రింట్ చేస్తే మాత్రం, 2000కు ‘లీపు’, ‘కాదు’, ‘లీపు’ అని మూడు జవాబులు వరుసగా తెర మీదికి వస్తాయి.

సరైన వరుసలన్నీ సమానమైన పని చేయవన్నది మరో ఆసక్తికరమైన విషయం. 400 సంవత్సరాల చక్రంలో 97 లీపు సంవత్సరాలు, 303 మామూలు సంవత్సరాలు ఉంటాయి. 400, 100, 4 అన్న వరుసలో ఒక సంవత్సరం ఒక్క పరీక్షతో, మూడు రెండేసి పరీక్షలతో, మిగిలిన 396 మూడేసి పరీక్షలతో తేలుతాయి, మొత్తం 1195 పరీక్షలు. దానికి బదులు ‘4కు గుణిజం కాకపోతే’ అన్న షరతుతో మొదలుపెట్టి, ‘100కు గుణిజం కాకపోతే’, ఆపైన ‘400కు గుణిజమైతే’ అని రాస్తే, 300 సంవత్సరాలు మొదటి పరీక్షలోనే, 96 రెండవదానిలో, నాలుగు మాత్రమే మూడవదానిలో తేలుతాయి, మొత్తం 504. ఎక్కువసార్లు నిజమయ్యే షరతును పైకి తేవడం వల్ల పని సగానికంటే తగ్గింది.

చివర ఎల్స్ లేకపోతే ఏమవుతుందో 2008 డిసెంబరు 31న లోకమంతా చూసింది. ఆ రోజు మైక్రోసాఫ్ట్ వారి 30 గిగాబైట్ల ‘జూన్’ (Zune) మ్యూజిక్ ప్లేయర్లు ఎక్కడివక్కడ బిగుసుకుపోయాయి. 1980 నుంచి గడిచిన రోజుల సంఖ్యలోంచి ఒక్కొక్క ఏడాది రోజులను తీసివేస్తూ ప్రస్తుత సంవత్సరాన్ని కనిపెట్టే లూప్, అంటే ఒకే పనిని మళ్ళీ మళ్ళీ చేసే భాగం, వాటిలో ఉంది. మిగిలిన రోజులు 365కంటే ఎక్కువగా ఉన్నంతసేపు అది తిరుగుతుంది. లీపు సంవత్సరమైతే లోపల ఇంకొక ఇఫ్ ఉంది: రోజులు 366కంటే ఎక్కువైతే 366 తీసివేయాలి. 2008 లీపు సంవత్సరం, డిసెంబరు 31 దానిలో 366వ రోజు. 366 అనేది 365కంటే ఎక్కువే కాబట్టి లూప్ ఆగదు, 366కంటే ఎక్కువ కాదు కాబట్టి లోపల ఏమీ జరగదు. సరిగ్గా 366 అయినప్పుడు ఏం చేయాలో ఎక్కడా రాయలేదు. ఈ ప్లేయర్ 2006లో మార్కెట్లోకి వచ్చింది కనుక, అది ఎదుర్కొన్న మొదటి లీపు సంవత్సరాంతం అదే. మరునాడు ఆ సంఖ్య 367 కావడంతో, బ్యాటరీ పూర్తిగా అయిపోయాక మళ్ళీ చార్జి చేసి ఆన్ చేసిన ప్లేయర్లు మామూలుగానే పనిచేశాయి. ఆ లోపలి ఇఫ్‌కు ఒక ఎల్స్ జోడించి, దాని కింద లూప్ నుంచి బయటికి రమ్మని ఒక్క మాట రాసి ఉంటే సరిపోయేది.