‘సగానికి తగ్గిస్తాం’ సరే, దేనిలో సగం? ప్రమాద నివారణ లక్ష్యాలపై అపోహలు – వాస్తవాలు

జిల్లా ఆరోగ్య ప్రణాళికలు రాసే పనిలో ఉన్నాను. టీకాలకూ జ్వరాలకూ లక్ష్యాలు రాయడం అందరికీ అలవాటే. ప్రమాదాల పేజీకి వచ్చేసరికి మాత్రం ప్రతి మీటింగులోనూ అవే మాటలు వింటుంటాను. వాటికి జవాబులివి. పాముకాటు గురించే ఎక్కువ రాశాను. మన పల్లెల్లో ఇంతమంది ప్రాణాలు తీస్తున్నా దానికి దక్కాల్సిన శ్రద్ధ దక్కడం లేదు.

అపోహ: ప్రమాదం ఎప్పుడు ఎవరికి జరుగుతుందో ఎవరు చెప్పగలరు? దానికి లక్ష్యమేమిటి?

ఫలానా మనిషికని చెప్పలేం. ఏ కాలంలో, ఏ వేళ, ఎలాంటి వాళ్లకు ఎక్కువో చెప్పగలం. దేశంలో పాముకాటు మరణాల్లో దాదాపు సగం జూన్–సెప్టెంబరు మధ్యే జరుగుతున్నాయి. కట్లపాము రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్లను కరుస్తుంది. చాలాసార్లు నొప్పీ ఉండదు, వాపూ ఉండదు. రక్తపింజర పొలాల్లో కాళ్ల మీద కాటేస్తుంది. అందుకే ఒకచోట దోమతెర కావాలి, ఇంకోచోట బూట్లూ టార్చిలైటూ కావాలి.

నీళ్లలో మునిగిపోవడమూ అంతే. బంగ్లాదేశ్‌లో చిన్నపిల్లలు ఎక్కువగా ఉదయం 9కీ మధ్యాహ్నం 1కీ మధ్య, తల్లి పనిలో ఉన్న వేళ, ఇంటి పక్క కుంటల్లోనే మునిగిపోతున్నారని తేలింది. సరిగ్గా ఆ గంటల్లో పిల్లల్ని చూసుకునే కేంద్రాలను అక్కడి పల్లెల్లో తెరిచారు.

అపోహ: ఆసుపత్రి లెక్కలున్నాయి కదా, వాటిలో సగం రాసేస్తే లక్ష్యం తయారు.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసే అపోహ ఇదే. పాముకాటు మరణాలను 2030కల్లా సగానికి తగ్గించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో లక్ష్యం పెట్టింది. 2024 మార్చిలో మన కేంద్ర ప్రభుత్వం విడుదల చేసిన జాతీయ కార్యాచరణ ప్రణాళికలోనూ అదే గడువు. ఇంటింటికీ వెళ్లి మరణ కారణాలు అడిగిన మిలియన్ డెత్ స్టడీ ఆధారంగా 2020లో ఒక అంచనా వచ్చింది. 2000–2019 మధ్య మన దేశంలో ఏటా సగటున 58,000 మంది పాముకాటుతో చనిపోయారని దాని సారాంశం. మరణాలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో మనవీ ఉన్నాయి. ప్రభుత్వ ఆసుపత్రుల రికార్డులకెక్కేది ఇందులో చిన్న వంతు. మంత్రం వేసేవాళ్ల దగ్గరో, పసరు మందు తాగో, దారిలోనో పోయినవాళ్లు ఏ రిజిస్టరులోనూ ఉండరు. వాళ్లను వదిలేసి వేసిన సగం ఎవరికి పనికొస్తుంది?

పాముకాటు కేసులను తప్పనిసరిగా నమోదు చేసేలా చూడాలని 2024 నవంబరులో కేంద్రం రాష్ట్రాలను కోరింది. నమోదు బాగుపడితే మొదటి రెండు మూడేళ్లు అంకెలు పెరుగుతాయి. పెరిగిన జిల్లాను రివ్యూలో నిలబెట్టి తిట్టారా, మరుసటి ఏడాది కాగితం మీద కేసులు తగ్గిపోతాయి, ఊళ్లలో చావులు అలాగే ఉంటాయి. అందుకే మొదటి లక్ష్యం మరణాల తగ్గింపు కాకూడదని, నమోదు పెరగడమే కావాలని నేను గట్టిగా నమ్ముతాను.

అపోహ: పైన పెద్ద లక్ష్యం పెడితే కింద పనులు వాటంతటవే జరుగుతాయి.

రోడ్డు మరణాలను చూడండి. 2020కల్లా సగం చేయాలని ప్రపంచ దేశాలన్నీ 2015లో ఒప్పుకున్నాయి. అది కాలేదు, గడువు 2030కి జరిగింది. మన దేశంలో 2010లో 1,34,513 మంది చనిపోతే 2022లో 1,68,491 మంది చనిపోయారు.

పెద్ద లక్ష్యం కింద మధ్యమెట్లు ఉండాలి. పాముకాటుకైతే నేను పట్టుబట్టి రాయించేవి: కాటు పడ్డాక యాంటీ వెనమ్ (పాము విషానికి విరుగుడు మందు) మొదటి డోసుకు ఎంతసేపు పట్టింది, పీహెచ్‌సీలో (ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో) కనీసం 10 వయల్స్ (మందు సీసాలు) ఉన్నాయా, ఆ మందు పడక రియాక్షన్ వస్తే ఇవ్వడానికి అడ్రినలిన్ చేతికందేలా ఉందా, డోసు ఇవ్వకుండానే పెద్దాసుపత్రికి పంపిన కేసులెన్ని. చివరి అంకెను ఎవరూ అడగరు. మందు ఉండి కూడా రియాక్షన్ భయంతో రోగిని పంపించేస్తే, ఆ ప్రయాణంలోనే విషం ఎక్కిపోతుంది. డాక్టరుకు ధైర్యం రావాలంటే శిక్షణ కావాలి, కాబట్టి శిక్షణ కూడా లక్ష్యాల్లో ఉండాలి.

అపోహ: అవగాహన సదస్సులు అనుకున్నన్ని జరిగితే లక్ష్యం నెరవేరినట్టే.

ర్యాలీల సంఖ్యను బట్టి ఖర్చు తెలుస్తుంది, అంతే. నేల మీద పడుకునేవాళ్లు దోమతెర అంచులు పరుపు కిందికి దోపుతున్నారా, ఇంటి సంపుకు పసిపిల్లలు తీయలేని మూత ఉందా అన్నది ఆశా కార్యకర్త కళ్లతో చూసి రాయగలదు. రాయించండి.

అపోహ: గడువు మార్చి 31, ఆర్థిక సంవత్సరం ముగిసే రోజు.

బిల్లులకు అది సరిపోతుంది. పాముకాట్లు పెరిగేది తొలకరి నుంచి. యాంటీ వెనమ్ పీహెచ్‌సీ ఫ్రిజ్‌లోకి చేరడం, మెడికల్ ఆఫీసర్ల శిక్షణ పూర్తవడం మే నెలాఖరులోపు జరగాలి. అంటే ఇండెంటు (మందు కావాలని పైకి పంపే పత్రం) వేసవికి ముందే వెళ్లాలి. నాట్లు ముందుగా పడే మండలాల పేర్లు ఆ ఇండెంటులో పైన ఉండాలి.