స్విచ్‌కీ వెలుగుకీ మధ్య మూడు సెకన్లు

జోకుకి అందరూ నవ్వేశాక తీరిగ్గా నవ్వేవాణ్ణి 'ట్యూబ్‌లైట్' అంటాం. నిజానికి ఆ మాట ట్యూబుకి అన్యాయమే. ఎక్కువసార్లు ఆలస్యం చేసేది, ట్యూబుని బిగించే పట్టీ పక్కన బొటనవేలంత ఉండే స్టార్టర్.

దాని డబ్బా లోపల చిన్న గాజుబుడ్డి ఉంటుంది. అందులో నియాన్ లాంటి వాయువు, రెండు మొనలు. వాటిలో ఒకటి రెండు లోహాలు అతికించి చేసిన రేకు. వేడెక్కితే ఒక లోహం ఎక్కువ సాగుతుంది, రెండోది తక్కువ; దాంతో రేకు వంగుతుంది. స్విచ్ వేయగానే కరెంటు ట్యూబులోంచి పోలేదు. 230 వోల్టులూ స్టార్టర్ మీదే పడి, బుడ్డిలో వాయువు మెరుస్తుంది. ఆ వేడికి రేకు వంగి రెండో మొనను తాకుతుంది. అప్పుడు చోక్ (పట్టీలో ఉండే తీగచుట్ట), ట్యూబు రెండు చివర్ల ఫిలమెంట్లు, స్టార్టర్ అన్నీ ఒకే దారిగా కలిసి, అర ఆంపియరు పైచిలుకు కరెంటు పారుతుంది. ఫిలమెంట్లు ఎర్రబడతాయి. మొనలు తాకాయి కాబట్టి బుడ్డిలో మెరుపు ఆరిపోతుంది, రేకు చల్లారి వెనక్కి లాక్కుంటుంది. దారి తెగుతుంది. అసలు పని జరిగేది ఆ తెగిన క్షణంలోనే.

మోటారు నడుస్తుండగా గేట్ వాల్వు టక్కున మూసి చూడండి, పైపు దబ్బుమని అదురుతుంది. పారుతున్న నీళ్లు ఒక్కసారిగా ఆగనంటాయి. చోక్‌లో కరెంటుదీ అదే మొండితనం. దాని కొలతే ఇండక్టెన్స్. ఇంటర్‌లో ఇండక్టెన్స్ సూత్రం బట్టీపట్టిన పిల్లలకి, ఆ ఇండక్టర్ చోక్ రూపంలో క్లాసురూము కప్పుకే వేలాడుతోందని చెప్పేవాళ్లు తక్కువ. లెక్క వేసి చూద్దాం. నాలుగడుగుల ట్యూబు చోక్ ఇండక్టెన్స్ సుమారు 1.2 హెన్రీలు. అర ఆంపియరు కరెంటు సెకనులో వెయ్యో వంతులో సున్నాకి పడితే 1.2 × 0.5 ÷ 0.001, అంటే 600 వోల్టులు. ఇంకా చురుగ్గా తెగితే ఇంకా ఎక్కువ. పైపులో ఆ దెబ్బకి జాయింటు ఊడుతుంది. ఇక్కడ ఆ దెబ్బే ట్యూబులోని వాయువుని చీల్చి దారి వేస్తుంది.

మరి ఒక్క దెబ్బకే ఎందుకు వెలగదు? మన కరెంటు ముందుకీ వెనక్కీ ఊగే నీళ్లలాంటిది. సెకనుకి వందసార్లు అది పూర్తిగా ఆగి దిశ మారుతుంది. రేకుకి ఇదేమీ తెలియదు. నీళ్లు ఉరకలేస్తున్నప్పుడు వాల్వు పడితే దబ్బుమంటుంది, సరిగ్గా ఆగిన క్షణంలో పడితే చప్పుడే ఉండదు. అందుకే రెండు మూడుసార్లు కొట్టుకుని వెలగడం జబ్బు కాదు, లాటరీ. పదిసార్లు కొట్టుకుంటుంటే మాత్రం వెతకాలి.

సంధ్య దీపం పెట్టే వేళ లైటు కొట్టుకుంటే అరిష్టమనే వాళ్లున్నారు. ఊరంతా ఒకేసారి లైట్లు, మిక్సీలు, మోటార్లు వేసే వేళ కూడా అదే. వోల్టేజి 170, 180కి దిగితే పైపులో ధార సన్నబడినట్టే: ఫిలమెంటు సరిగ్గా కాగదు, దెబ్బలోనూ పస ఉండదు. రాత్రి పదింటికి అదే ట్యూబు ఠక్కున వెలిగితే దోషం లైనుది. స్టార్టర్ కొని లాభం లేదు.

చెయ్యి పెట్టే ముందు మెయిన్ ఆపండి. గోడ స్విచ్ ఆపితే చాలదు. స్విచ్‌ని ఫేజుకి (కరెంటు వచ్చే తీగకి) బదులు న్యూట్రల్‌లో (తిరిగి పోయే తీగలో) కలిపి ఉంటే, ఆపినా పట్టీలో ఫేజు ఉంటుంది. ఆపిన ట్యూబు చీకట్లో సన్నగా మెరుస్తుంటే ముందు అనుమానించాల్సింది దీన్నే.

మొదట ట్యూబుని హోల్డర్లలో రెండు మూడుసార్లు తిప్పి బిగించండి. చిలుము పట్టిన పిన్నులు దాంతోనే దారికొస్తాయి. గాజు మీద దుమ్ము పేరుకుంటే వానాకాలంలో తేమ పడుతుంది. పొడిగుడ్డతో తుడవండి. ట్యూబుని చేత్తో నిమిరితే వెలగడం మంత్రం కాదు. దగ్గర్లో ఎర్త్ అయిన లోహం ఉంటే వాయువు తేలిగ్గా చీలుతుంది, ఆ లోహం పని కాసేపు మన చెయ్యి చేస్తుంది. ఇనప పట్టీకి ఎర్త్ కలిపితే ఆ నిమిరే పని తప్పుతుంది.

తర్వాత పక్కగది స్టార్టర్ తెచ్చి మార్చి చూడండి. దాని ఒంటి మీద 4–65 లేదా 4–80 వాట్లని, 220–240 వోల్టులని ఉండాలి. 4–22 వాట్లది రెండు చిన్న ట్యూబులు వరసగా కలిపిన పట్టీలకి. అది ఇక్కడ పెడితే ట్యూబు వెలిగాక కూడా మెరిసి గోల చేస్తుంది. సరైన స్టార్టర్ అలా చెయ్యదు: వెలిగే ట్యూబు మీద ఉండేది 100 వోల్టుల పైచిలుకే, అది మెరవడానికి చాలదు. అందుకే వెలిగాక స్టార్టర్ ఊడదీసినా లైటు ఆరదు.

రెండు చివర్లూ ఎర్రగా నిలిచిపోయి మధ్య చీకటిగా ఉంటే స్టార్టర్ మొనలు అతుక్కున్నాయి, లేదా దానిలోని బుల్లి కెపాసిటర్ షార్టయింది. అలాంటప్పుడు పొడి చెక్కస్టూలు మీద నిలబడి, ప్లాస్టిక్ డబ్బాని మాత్రమే పట్టుకుని స్టార్టర్ తిప్పి లాగితే ట్యూబు భళ్లున వెలగొచ్చు. తెంపడం రేకు పని. అది మీరు చేశారు. అల్యూమినియం డబ్బా అయితే ఈ సరదా వద్దు.

చివర్లు నల్లబడిన ట్యూబు సంగతి వేరు. ఫిలమెంటుకి పూసిన బేరియం వగైరా ఆక్సైడ్లు ఎగిరిపోయి గాజుకి అంటుకున్నాయన్నమాట. ఎన్ని దెబ్బలు కొట్టినా నిలిచి వెలగదు, ఈలోగా స్టార్టర్‌నీ అరగ్గొడుతుంది. రెండూ కలిపి మార్చండి. మల్టీమీటరుంటే ఒక చివరి రెండు పిన్నుల మధ్య కొద్ది ఓంలు చూపాలి; ఏమీ చూపకపోతే ఫిలమెంటు తెగింది. చోక్ కొన్ని పదుల ఓంలు చూపాలి. సున్నాకి దగ్గరైతే చోక్ షార్ట్, దాని మీద కొత్త ట్యూబు పెడితే చివర్లు అక్కడికక్కడే మాడతాయి.

ఎలక్ట్రానిక్ చోక్ పట్టీలో స్టార్టరే ఉండదు. ట్యూబు మార్చినా, హోల్డర్లు బిగించినా కొట్టుకుంటుంటే చోకే మార్చాలి. తీసేసిన ట్యూబులో పాదరసం ఉంటుంది. దాన్ని పగలగొట్టకుండా కొత్తదాని అట్టగొట్టంలోనే పెట్టి, ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకి ఇవ్వండి.