దారా షికో కాశీ పండితులను ఎందుకు పిలిపించాడు?

ఢిల్లీలో హుమాయూన్ సమాధి ఆవరణలో పేరు చెక్కని గోరీలు చాలా ఉన్నాయి. వాటిలో మొఘల్ యువరాజు దారా షికోది ఏదో తేల్చమని 2020లో కేంద్ర ప్రభుత్వం ఒక కమిటీ వేసింది. ఇన్ని శతాబ్దాల తర్వాత కూడా ఆయన్ని వెతుకుతున్నారంటే కారణం ఆయన రాసిన పుస్తకాలే.

షాజహాన్, ముంతాజ్‌ల పెద్దకొడుకు దారా 1615లో అజ్మీర్‌లో పుట్టాడు. లాహోర్ సూఫీ మియాన్ మీర్ అంటే ఆయనకు ప్రాణం. దేవుడొక్కడే అన్న మాట లోతు తెలుసుకోవాలని యూదుల గ్రంథం తౌరాత్, క్రైస్తవుల గ్రంథం ఇంజీల్ కూడా తిరగేశాడు. బాబా లాల్ అనే సాధువుతో కూర్చుని ప్రశ్నల మీద ప్రశ్నలు వేశాడు.

1655లో 'మజ్మా ఉల్ బహ్రైన్' రాశాడు. రెండు సముద్రాల సంగమం అని అర్థం. రూహ్ అంటే ఆత్మ, ఖయామత్ అంటే మహాప్రళయం అంటూ ఇస్లాం, హిందూ రెండు వైపుల మాటలనూ పక్కపక్కన పెట్టి చూపించాడు. దేవదూతల్లో జిబ్రయీల్‌ను బ్రహ్మతో, మీకాయీల్‌ను విష్ణువుతో పోల్చాడు.

అంతటితో ఆగలేదు. 1657లో కాశీ నుంచి పండితులను, సన్యాసులను ఢిల్లీకి పిలిపించాడు. యమున ఒడ్డున నిగంబోధ్‌లోని తన భవనంలో వాళ్లతో కూర్చుని, ఆరు నెలల్లో యాభై దాకా ఉపనిషత్తులను పారసీలోకి తెచ్చాడు. దాని పేరు 'సిర్రె అక్బర్', అంటే మహారహస్యం. ఖురాన్‌లో చెప్పిన 'దాచి ఉంచిన గ్రంథం' ఈ ఉపనిషత్తులేనని ముందుమాటలో రాశాడు. ఇస్లాంను వదిలేశాడని ఆయన మీద పడ్డ నింద నాకు అందుకే అన్యాయంగా తోస్తుంది. ఆయన వెతికింది ఖురాన్ అర్థాన్నే.

అయితే దారాకూ తమ్ముడు ఔరంగజేబుకూ మధ్య యుద్ధం మతం కోసం మొదలవలేదు. అది సింహాసనం తగాదా. 1656లో ఔరంగజేబు గోల్కొండను చుట్టుముడితే షాజహాన్ ముట్టడి ఎత్తేయించాడు. ఆ ఆజ్ఞ వెనుక దారా మాట ఉంది. అలాంటి కక్షలు ముందు నుంచీ ఉన్నాయి. పైగా దారా గొప్ప సేనాని కాడు, 1653లో కాందహార్ ముట్టడిలో విఫలమయ్యాడు.

1658లో సాముగఢ్ యుద్ధంలో ఔరంగజేబు చేతిలో ఓడిపోయాడు. మరుసటి ఏడాది పట్టుబడ్డాక మురికి ఏనుగు మీద ఢిల్లీ వీధుల్లో తిప్పారు. జనం ఏడ్చారని ఫ్రెంచి యాత్రికుడు బెర్నియర్ రాశాడు. మతం తప్పాడన్న నేరం మోపి చంపించారు. 'ప్రభు' అని చెక్కిన ఉంగరాలు పెట్టుకున్నాడన్నది కూడా అందులో ఒక ఆరోపణ.

ఆయన పారసీ ఉపనిషత్తులను ఫ్రెంచి పండితుడు ఆంకెతిల్ దుపెరాన్ లాటిన్‌లోకి మార్చి 1801-02లో అచ్చు వేయించాడు. జర్మన్ తత్వవేత్త షోపెన్‌హార్ ఉపనిషత్తులు చదువుకున్నది ఆ లాటిన్ పుస్తకంలోనే.